చార్జర్‌ను రిటర్న్ ఇచ్చే ముందు

సంక్రాంతికి అనంతపురం వచ్చి మూడు రోజులైంది. నిద్ర ఇంకా మిన్నెసోటా టైములోనే ఉంది. తెల్లారి ఆరుకే మిద్దె మీద కాఫీ గ్లాసుతో కూర్చున్నా, ఫోను మోగింది. మా పెద్దమ్మ మనవడు, ప్రొద్దుటూరు పిల్లోడు. ఆగస్టులో చదువుకోడానికి న్యూజెర్సీ పోయినాడు. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర.

"చిన్నాయనా, కారు సెల్ఫ్ కొట్టలేదు. బ్యాటరీ చార్జర్ కొనుక్కొచ్చి పెడితే అదీ పనిచేయలేదు. రేపు రిటర్న్ ఇచ్చేచ్చా."

"ఇవ్వొద్దు, వీడియో పెట్టు" అన్నా.

చలికాలం వస్తే కొత్తగా వచ్చిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. నేను చూసినంతలో తప్పు చార్జర్‌ది అయిన సందర్భాలు చానా తక్కువ. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ పెడుతున్నా.

ముగ్గురు కలిసి బండిని తోసి కూడా చూశారంట. మన దగ్గర అలవాటే కదా, తోసి సెకండ్ గేరులో క్లచ్ వదిలితే అందుకుంటుంది. ఆటోమేటిక్ బండి అట్ల అందుకోదు నాయనా. మంచులో కాళ్లు జారడం తప్ప ఫలితం లేదు.

చార్జర్ మీద ఒక్క లైటు కూడా వెలగలేదు. అంటే ముందు చూడాల్సింది గోడ. అమెరికాలో సాకెట్ పక్కన మనకు మాదిరి స్విచ్ ఉండదు, కాబట్టి పిన్ను గుచ్చితే కరెంటు ఉన్నట్టే అనుకుంటాం. గ్యారేజీ, వంటిల్లు, బాత్రూమ్, ఇట్లా తడి తగిలే చోట్ల సాకెట్ మధ్యలో రెండు చిన్న బొత్తాలుంటాయి, టెస్ట్, రీసెట్ అని. కొంచెం కరెంటు లీకైనా అది తనంతట తానే కట్టేసుకుంటుంది. రీసెట్ నొక్కాలి. మావాడి గ్యారేజీ సాకెట్‌కు ఆ బొత్తాలే లేవు. పాత ఇళ్లలో ఒకే రీసెట్ బొత్తాం కింద రెండు మూడు గదుల సాకెట్లు ఉంటాయి. "బాత్రూంలో చూడు" అన్నా. పోయి నొక్కినాడు. గ్యారేజీ నుంచి వాడి రూమ్మేటు "వచ్చె, వచ్చె" అని అరిచినాడు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లయితే పిన్ను లోపలే చిన్న ఫ్యూజు ఉంటుంది, అది మార్చి చూడండి.

ఇప్పుడు లైటు వచ్చింది గానీ ఎర్రగా, ఆగి ఆగి కొడుతోంది. ఫోను దగ్గరికి పెట్టమన్నా. బ్యాటరీ టర్మినళ్ల మీద, అంటే చార్జర్ క్లిప్పులు పట్టుకునే చోట, తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పొడి పేరుకుపోయుంది, ఉప్పు పట్టిన కుళాయి మూతి లాగా. క్లిప్పు ఆ పొడిని కరచుకుంది, కింద ఉన్న లోహాన్ని కాదు. చార్జర్ పిన్ను పీకి, గ్లవుజులు వేసుకుని, వంటసోడా గోరువెచ్చని నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. బ్యాటరీకి మూతలుంటే గట్టిగా బిగించి మరీ రుద్దండి, సోడా లోపలికి పోతే యాసిడ్ చెడుతుంది.

క్లిప్పుల వరస కూడా చెప్తా. ఎర్రది ప్లస్‌కి. నల్లది బ్యాటరీకి దూరంగా ఇంజను మీద రంగు లేని ఇనుముకి, లేదా మీ చార్జర్ పుస్తకంలో చెప్పిన చోటికి. అవి రెండూ పెట్టాకే పిన్ను గోడకి. తీసేటప్పుడు ముందు గోడ. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ లోంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే నిప్పురవ్వ పుట్టకూడదు.

శుభ్రం చేసినా అదే ఎర్ర లైటు. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టించినా. 1.2 వోల్టులు! మంచి బ్యాటరీ, కాసేపు ఊరికే పెట్టి చూస్తే, 12.6 చూపాలి. 12.2 అంటే సగం, 12 కిందికొస్తే అడుగంటినట్టే. క్రిస్మస్ సెలవులకి రెండు వారాలు డల్లాస్ పోయినాడంట, లోపలి లైటు వెలుగుతానే ఉండిపోయింది.

ఇక్కడే అందరూ చార్జర్‌ను అనుమానిస్తారు. ఇప్పుడొచ్చే చార్జర్లు ముందు బ్యాటరీ వోల్టేజీ చూసుకుంటాయి. మరీ తక్కువుంటే అక్కడ బ్యాటరీయే లేదనుకుని కరెంటు వదలవు. ఎంత ఉంటే ఒప్పుకుంటాయనేది చార్జర్‌ను బట్టి మారుతుంది, పుస్తకంలో ఉంటుంది. బ్యాటరీ లేకుండా క్లిప్పుల మధ్య మీటర్ పెడితే సున్నా చూపేదీ అందుకే. దాన్ని చూసి "చార్జర్ చచ్చింది" అనుకోవద్దు. అనుమానముంటే స్నేహితుడి మంచి బ్యాటరీకి పెట్టి చూడండి, అక్కడ ఎక్కితే చార్జర్ బాగున్నట్టే.

మా పాతూరులో బ్యాటరీ అంగడి భాయ్ దగ్గర ఇనుప డబ్బా చార్జర్ ఉంది. నా చిన్నప్పటి నుంచీ అదే గుయ్యిమనే మోత, అదే వణికే ముల్లు. బ్యాటరీలన్నీ వరసగా తగిలించి రాత్రంతా వదిలేస్తాడు. "మీ చార్జర్ అడుగుతాది సార్, మాది అడగదు" అంటాడు. నిజమే, గానీ దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి భాయ్ లాంటి మనిషి కావాలి. ఆయన నన్ను ఎగతాళి చేయడానికి ఇంకో కారణముంది. ఒకసారి నాయన కారు కోసం అమెరికా చార్జర్ సూట్‌కేసులో తెచ్చినా. పిన్ను పట్టదని చిన్న అడాప్టర్ కొని గుచ్చినా. అది మార్చేది పిన్ను ఆకారమే, వోల్టేజీ కాదు. 120కి చేసింది, ఇక్కడ 230. టప్‌మని ఒక్క శబ్దం, కాలిన వాసన. ఇప్పటికీ నేను కనపడితే "చార్జర్ ఏమన్నా తెచ్చినారా సార్?" అంటాడు.

సరే, 1.2 వోల్టుల సంగతి. కొన్ని చార్జర్లకి బలవంతంగా ఎక్కించే బొత్తాం ఉంటుంది. మావాడిదానికి లేదు. రూమ్మేటు కారు పక్కకు తెప్పించి, దాని ఇంజను ఆపించి, జంపర్ కేబుళ్లతో రెండు బ్యాటరీలను కలిపించినా. ఎర్రది ఎర్రదానికి, నల్లది మావాడి బండి ఇంజను ఇనుముకి. చార్జర్‌కి ఇప్పుడు మంచి వోల్టేజీ కనపడింది, పని మొదలుపెట్టింది. పది నిమిషాలాగి, ఇనుము మీది నల్లది ముందు పీకి, జంపర్ కేబుళ్లు తీసేశారు. చార్జర్ నడుస్తానే ఉంది.

ఈ పని చేయించే ముందు ఒకటి అడిగినా: బ్యాటరీ పక్కలు ఉబ్బినాయా, పగిలినాయా? ఛార్జ్ నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 50 చలికి కూడా గడ్డకట్టదు గానీ, ఖాళీది మైనస్ 7 దగ్గరే గడ్డకట్టొచ్చు. మా మిన్నెసోటాలోనో, కెనడాలోనో బయట నిలిపిన బండి అయితే ఈ ప్రశ్నే మొదటిది. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జర్ గానీ జంపర్ గానీ పెట్టొద్దు, పేలే ప్రమాదముంది. మావాడి గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది, అంత చలి లేదు.

ఇంకో మాట, ఇది ఫోను కాదు, అరగంటలో నిండదు. 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం ఖాళీ అయితే, 2 ఆంపియర్ల చిన్న చార్జర్‌తో పన్నెండు గంటల పైనే పడుతుంది.

ఆ సాయంత్రం, వాడికి పొద్దున, మళ్లీ చేసినాడు. పచ్చ లైటు రాలేదు. చార్జర్ తీసి రెండు గంటలాగి చూడమన్నా. 10.4. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి 2.1 వోల్టులు. ఒకటి షార్టయితే మిగిలేది పదిన్నరే. భాయ్ భాషలో సెల్ పోయింది. దానికి ఏ చార్జరూ ప్రాణం పోయలేదు. మీద స్టిక్కర్ చూస్తే ఆరేళ్ల నాటిది, సెకండ్ హ్యాండ్ కారుతో పాటు వచ్చింది.

కొత్తది కొనే ముందు విడిభాగాల అంగడికి తీసుకుపోతే చాలా చోట్ల ఊరికే టెస్ట్ చేసిస్తారు. కొనేటప్పుడు బిల్లులో కోర్ చార్జ్ అని ఇంకొంత వేస్తారు, కంగారు పడొద్దు. మన దగ్గర పాత బ్యాటరీ ఇస్తే ధర తగ్గించినట్టే, అక్కడ పాతది ఇస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు. మావాడు పాతది గ్యారేజీలోనే పెట్టుకున్నాడు, ఇన్వర్టర్‌కి పనికొస్తుందేమో అని. న్యూజెర్సీలో ఇన్వర్టర్ ఎందుకురా అంటే నవ్వినాడు. రిటర్న్ ఇద్దామని డబ్బాలో సర్దిన చార్జర్ మాత్రం మళ్లీ బయటికి తీసినాడంట.