బుజ్జమ్మా, ఆ జూన్ 19 ఒక్కటి మార్చు

బుజ్జమ్మా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, పిల్ల మమ్మల్ని స్వీడన్ తీసుకెళ్తానంటోందిరా, అక్కడ రాత్రిళ్ళు సరిగ్గా చీకటే పడదంట, మరి నిద్రెట్లా పడుతుంది" అని అడిగింది. తెనాలి నుంచి తిరుపతి, ఒకసారి కాశీ, మా అక్క చూసిన లోకం అంతే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోనే కూర్చుండిపోయా. మా అక్క నేతచీర మీద స్వెట్టరేసుకుని స్టాక్‌హోమ్ వీధుల్లో నడుస్తుంటే ఎట్లా ఉంటదో అనుకుంటే నవ్వొచ్చింది, నువ్వింత దానివి అయ్యావా అని పొంగిపోయా, ఆ వెంటనే గుండెలో కలుక్కుమంది కూడా. ఎందుకో చెప్తా, అందుకే ఇంత టైపు చేస్తున్నా, కళ్ళజోడు మార్చాలి అక్షరాలు సరిగ్గా కనపడట్లా, తప్పులుంటే సర్దుకో.

బావ నీ ఎక్సెల్ షీటు ఫార్వర్డ్ చేశాడు. రంగులు బాగా వేశావు. తొమ్మిది రోజులు, నాలుగు రాజధానులు, గంటగంటకీ ఒక గడి. నీ ఓపికకి దణ్ణం. కానీ తల్లీ, జూన్ 19 శుక్రవారం గడిలో "స్టాక్‌హోమ్, ఊరంతా నడక, లంచ్ ఎక్కడో అక్కడ" అని రాశావు చూడు, అది చదివి నాకు చెమట పట్టింది. నిజంగానే పట్టింది.

వీసా సంగతి నాకంటే నీకే బాగా తెలుసు: ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి, ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, అంతే. బట్టలు కూడా అంతే, ఒక స్వెట్టరు, ఒక వానకోటు, అలవాటైన బూట్లు. కొత్త బూట్లు కొని అక్కడ మొదటిసారి వేసుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి ఇప్పటిదాకా తెలీదు. చదివాక డిలీట్ చేసెయ్, అక్క నీ ఫోను చూస్తదని నాకు తెలుసు.

2003 లో నేను కోపెన్‌హాగెన్ పక్కన బాలెరుప్‌లో పనిచేస్తున్నా. మీ అత్తయ్య పిల్లల బళ్ళు తెరుస్తారని గుంటూర్లోనే ఉండిపోయింది. జూన్‌లో అమ్మానాన్నలని పిలిపించుకున్నా. నాకు ఒకటే ఆత్రం, వాళ్ళకి అన్నీ చూపించెయ్యాలి. సముద్రం మీద కోపెన్‌హాగెన్ నుంచి మాల్మోకి వంతెన కట్టి మూడేళ్ళే అయింది, రైలెక్కితే కాసేపు సొరంగంలో, కాసేపు నీళ్ళ మీద, దిగితే స్వీడన్. అట్నుంచటే ఐదు గంటలు పైకి పోతే స్టాక్‌హోమ్. ఆఫీసులో ఒకాయన్ని శుక్రవారం స్టాక్‌హోమ్ వెళ్తున్నా అంటే, అక్కడ మిడ్‌సమ్మర్ కదా, వాళ్ళకి క్రిస్మస్ అంత పెద్ద పండగ అన్నాడు. నేను ఎగిరి గంతేశా. పండగంటే మనకేంటి చెప్పు, సంక్రాంతి ముందురోజు పట్నంబజారు ఎట్లా ఉంటది? కాలు పెట్టడానికి సందుండదు, అర్ధరాత్రి దాకా కొట్లు, మైకులు, వీధివీధికీ బళ్ళు. అమ్మకి తెల్లోళ్ళ తిరునాళ్ళు చూపిస్తానని చెప్పా కూడా.

వాళ్ళకి పండగంటే తలుపులు మూసుకోవడం అని నాకేం తెలుసు. జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ ఈవ్. ఊరు ఊరంతా గురువారమే సర్దుకుని పల్లెలకీ, దీవుల్లో ఉన్న చిన్న చిన్న కొయ్య ఇళ్ళకీ పోతుంది. 2003 లో అది జూన్ 20. నువ్వు రాసుకున్న 2026 జూన్ 19 కూడా సరిగ్గా అదే రోజు బుజ్జమ్మా.

అమ్మకి అప్పటికే సుగరు. భోజనానికి ముందు వేసుకునే బిళ్ళ, వేసుకుని తినకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. రైలు దిగగానే అన్నం తినేద్దాం వేసెయ్యి అమ్మా అని నేనే రైల్లో మంచినీళ్ళ సీసా అందించి మరీ వేయించా. పెద్ద ఊరు, రాజధాని, తిండి దొరక్కపోవడమేంటి అని ఒక బ్రెడ్డు ముక్క కూడా మూట కట్టలా. హోటల్లో సామాన్లు పెట్టి, అక్కడ కిచెన్ మూసేశారంటే సరే బయట తిందాం అని నడక మొదలుపెట్టాం. ద్రోత్నింగ్‌గాతన్ అని పెద్ద బజారు వీధి ఉంటది, మన బీసెంట్ రోడ్ అనుకో. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా షట్టర్లే. ఒక కుర్రాడు సైకిల్ మీద పోయాడు, అంతే. నేను కాగితం మీద రాసుకున్న ఇండియన్ హోటల్ తలుపుకి ఏదో చీటీ అతికించి ఉంది. ఇంకోటి ఉంటదిలే, ఇంకోటి ఉంటదిలే అని అడుగు అడుగుకీ అనుకుంటా నీళ్ళ ఒడ్డుకి తీసుకొచ్చా, అక్కడ బోట్లుంటాయి, బోట్లున్న చోట తిండి ఉంటదని. అమ్మ మధ్యలో రెండుసార్లు "కూర్చుందామురా" అంది. వినలా. దూరం లేదమ్మా అన్నా.

స్ట్రోమ్‌కాయన్ అని దీవులకి బోట్లెళ్ళే రేవు, అక్కడ బెంచీ మీద కూలబడింది. ముఖమంతా చెమట, అదీ ఆ చల్లగాలిలో. చేతులు వణుకుతున్నాయి. నావైపు చూసి "తెనాలి బస్సు ఎప్పుడొస్తుంది నాయనా" అంది. నన్ను గుర్తుపట్టలా. నాన్న జేబులన్నీ వెతికితే వక్కపొడి పొట్లం ఒక్కటే దొరికింది, ఆయన దాన్ని చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు, ఆయన్ని అట్లా నేనెప్పుడూ చూళ్ళా.

బోటు కోసం పరిగెత్తుతున్న ఒక కుటుంబాన్ని ఆపి, నోటికొచ్చిన ఇంగ్లీషులో షుగర్ షుగర్ అని అరిచా. ఆవిడ తలమీద పూలదండ, చేతిలో సంచులు, ఒక సంచిలో కొత్త బంగాళదుంపలు. సంచులన్నీ అక్కడే కింద పెట్టి ఒక సీసా తీసింది, ఎర్రగా ఏదో పళ్ళ షర్బత్తు, వాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగుతారు, తియ్యగా పాకంలా ఉంటది. అమ్మ తల పట్టుకుని కొంచెం కొంచెం తాగించింది. పావుగంట. అమ్మ కళ్ళు తేటపడి "ఎందుకురా ఏడుస్తున్నావు" అంది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని. ఆవిడ వాళ్ళాయనతో ఏదో చెప్పి, సంచిలోంచి స్ట్రాబెర్రీ డబ్బా ఒకటి, రొట్టె ఒకటి అమ్మ ఒళ్ళో పెట్టి పరిగెత్తింది. బోటు అప్పటికే కూత వేసేసింది, అందిందో లేదో కూడా చూళ్ళా. పేరడగలా.

ఇంకా ఘోరం ఏంటంటే రైల్వే స్టేషన్ లోపల చిన్న కొట్టు ఒకటి ఆ రోజంతా తెరిచే ఉందంట. మేము దాని పక్కనుంచే నడిచొచ్చాం, తాజ్‌మహల్ చూడ్డానికి పోతున్నట్టు నేను ముందు, వాళ్ళు వెనకాల.

రాత్రి హోటల్లో అమ్మ నా చేత ఒట్టేయించుకుంది, ఇది మీ అక్కకి చెప్పావంటే అది జన్మలో నన్ను ఇల్లు కదలనివ్వదు అని. ఊరికి తిరిగొచ్చాక అందరికీ ఏం చెప్పిందో తెలుసా? "అక్కడ కూడా ఆడోళ్ళు తల్లో పూలు పెట్టుకుంటారే, నేను చూశా" అని. అంతే చెప్పింది, పోయేదాకా.

ఇప్పుడు అక్కకీ అదే సుగరు, అదే భోజనం ముందు బిళ్ళ. అర్థమైందా నా బాధ.

కాబట్టి ఇట్లా చెయ్యి. కోపెన్‌హాగెన్ ముందు. 18న మధ్యాహ్నం అక్కడే ఓస్లో ఓడ ఎక్కు, రాత్రంతా ప్రయాణం, 19 పొద్దున్నే లేచి డెక్ మీదకి తీసుకురా వాళ్ళని, ఓస్లో ఫ్యోర్డ్‌లో, అంటే భూమిలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలో, రెండు పక్కలా కొండలూ చిన్న చిన్న ఇళ్ళూ జరుగుతుంటాయి, బావకి అది చాలు. నార్వేలో ఆ శుక్రవారం సెలవు కాదు, అన్నీ తెరిచే ఉంటాయి. ఆదివారం మాత్రం అక్కడ కొట్లు మూసేస్తారు, అందుకని 21 ఆదివారం రైలెక్కి స్టాక్‌హోమ్ వచ్చెయ్. సోమవారానికి ఊరు మామూలే. హెల్సింకి ఈసారికి తీసెయ్. ఫిన్లాండ్‌ని సరిగ్గా చెప్పాలంటే స్కాండినేవియా అనరు. మరీ ఆ పండగే చూడాలని పంతం పడితే స్టాక్‌హోమ్‌లోనే స్కాన్సెన్ అని ఆరుబయట మ్యూజియం ఉంది, దానికి పో, అక్కడ స్తంభం నిలబెట్టి చుట్టూ పెద్దా చిన్నా కప్పల్లా గెంతుతూ ఆడతారు, కానీ తిండి మూట కట్టుకుని పో.

నీ షీట్లో కోపెన్‌హాగెన్ లిటిల్ మెర్మెయిడ్ (జలకన్య)కి 25 నిమిషాలు ఇచ్చావు. ఐదు చాలు. ఒకటింబావు మీటరు బొమ్మ, 1913 నుంచి రాయి మీద కూర్చునుంది, దాని ముందు మూడొందలమంది ఫోన్లు. ఆ టైమంతా రౌండ్ టవర్‌కి ఇవ్వు. 1642 లో కట్టింది, లోపల మెట్లుండవు, నున్నగా చుట్టూ తిరుగుతూ పోయే బాట, ఏడున్నర చుట్లు, అక్క మోకాళ్ళకి హాయి. ఆఖర్న మాత్రం కాసిని ఇరుకు మెట్లున్నాయి, అక్కడ చెయ్యి పట్టుకో. ఇంకోటి, ఆ ఊళ్ళో సైకిళ్ళకి వేరే దారి ఉంటది, ఫోటో కోసం దాన్లో నిలబడితే గుద్దేస్తారు, పైగా తిడతారు. బావ అసలే ఫోటోల మనిషి, ఆయన్ని వెయ్యి కళ్ళతో చూసుకో.

ఓస్లోలో వైకింగ్ ఓడల మ్యూజియం రాసుకున్నావు, పాత వీడియోలు చూసి ఉంటావు. దాన్ని తిరిగి కడుతున్నారు, మూసేసి చాలా కాలమైంది, 2027 దాకా తెరవరు. బదులుగా విగెలాండ్ పార్కుకి పో, టికెట్టు లేదు, గేటు మూయరు, రెండొందలకి పైగా విగ్రహాలు, అన్నీ మామూలు మనుషులే, తాతలు, పసిపిల్లలు, పోట్లాడుకునే ఆలుమగలు. దాదాపు అన్నిటికీ ఒంటి మీద నూలుపోగుండదు, అక్కకి ముందే చెప్పు, లేకపోతే తల దించుకునే నడుస్తది. మధ్యలో ఒకే రాయిలో 121 మంది పెనవేసుకుని పైకి పాకుతున్న స్తంభం ఉంటది, దాని కింద మా నాన్న చాలాసేపు నిలబడి "మన గుళ్ళో చెక్కినోళ్ళ తమ్ముడేమో" అన్నాడు.

స్టాక్‌హోమ్‌లో వాసా ఓడ మాత్రం తప్పించకు. 1628 ఆగస్టు 10న మొదటిసారి ప్రయాణానికి బయల్దేరితే సుమారు 1300 మీటర్లు పోయేసరికే మునిగింది. మొత్తం 64 ఫిరంగులు, చాలావరకు రెండు అంతస్తుల్లో, పైన బరువెక్కువ, అడుగున తక్కువ. బయల్దేరకముందు ముప్పైమందిని డెక్ మీద అటూ ఇటూ పరిగెత్తించి చూశారంట, ఊగిపోతుంటే పరీక్ష ఆపేశారు గానీ ప్రయాణం ఆపలా, రాజుగారు తొందరపెడుతున్నారు మరి. 1961 లో పైకి లాగారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు నా 2003 ప్లాను కాగితం గుర్తొచ్చేది, నిన్న నీ ఎక్సెల్ చూసి వాసాయే గుర్తొచ్చింది, కోపం తెచ్చుకోకు.

తిండి గురించి ఇంకొంచెం, విసుక్కోకుండా విను. హోటళ్ళు వద్దు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకో, చిన్న రైస్ కుక్కరు పెట్టుకుపో. ఆవకాయ, కందిపొడి, చింతపండు పులిహోర పేస్టు, అన్నీ గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ లగేజిలో. నెయ్యి, పాలకోవా, పాల స్వీట్లు తీసుకెళ్ళద్దు, బయట దేశాల పాల సరుకు యూరప్‌లోకి రానివ్వరు. అక్క వినదు, నెయ్యి డబ్బా చీర మడతలో పెడుతుంది, నువ్వే వెతికి తీసెయ్. పెరుగన్నం లేకపోతే ఎట్లా అంటే స్వీడన్లో ఫిల్‌మ్యోల్క్ అని కార్టన్లో దొరుకుతుంది, కొంచెం పల్చగా అచ్చం మన చిలికిన పెరుగే, అన్నంలో కలిపితే తేడా తెలీదు, అమ్మ రెండోరోజు నుంచీ దాని మీదే బతికింది. ఫలాఫెల్ (సెనగల వడలు) కొట్లు కూడా బాగానే ఉంటాయి.

డబ్బు: డెన్మార్క్, నార్వేల్లో క్రోనే, స్వీడన్లో క్రోనా అంటారు గానీ మూడూ వేర్వేరు, ఒకచోటిది ఇంకోచోట చెల్లదు. నోట్లు మార్చుకోకు, ఎక్కడైనా కార్డే. మెషిన్లో రూపాయలా క్రోనాలా అని అడిగితే క్రోనాలే నొక్కు. పాస్‌పోర్టులు ఎప్పుడూ ఒంటి మీదే, మా రోజుల్లో వంతెన దాటితే ఎవరూ అడగలా, ఈమధ్య ఏళ్ళలో స్వీడన్ వైపు రైలు ఆపి చూసిన రోజులున్నాయి.

రాత్రి పది దాకా ఎండ ఉంటది. అమ్మ రోజూ కిటికీ దగ్గర కూర్చుని "దీపం పెట్టే వేళ ఎప్పుడవుతుందిరా" అని అడిగేది, చివరికి గడియారం చూసి ఆరున్నరకి దణ్ణం పెట్టుకుని పడుకునేది. అక్కకీ అదే చెప్పు. కళ్ళకి కట్టుకోడానికి నల్ల గుడ్డ ఒకటి తీసుకుపో.

మందులు రెండు చోట్ల, సగం నీ హ్యాండ్‌బ్యాగులో సగం బావ దగ్గర. డాక్టరు చీటీ ఇంగ్లీషులో. అత్యవసరానికి 112, నార్వేలో అంబులెన్సుకి మాత్రం 113. గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు, ఒక జ్యూస్ ప్యాకెట్, ఇవి నీ భుజాన ఉండే సంచిలో, సూట్‌కేసులో కాదు. పళ్ళెం ముందుకొచ్చాకే బిళ్ళ. అక్క "కూర్చుందాం" అంటే అక్కడే కూర్చోండి, ఏ గడిలో ఏం రాసున్నా సరే.

ఇంకొక్క పని చేసిపెట్టు. స్టాక్‌హోమ్‌లో స్ట్రోమ్‌కాయన్ రేవు దగ్గర బెంచీలు ఇంకా ఉంటే, అక్కని ఒకదాని మీద కూర్చోబెట్టి, ఎర్ర షర్బత్తు ఒకటి కొనిచ్చి ఫోటో తీసి నాకు పంపు. కొంచెమే ఇవ్వు, తీపి ఎక్కువ. ఎందుకని అడిగితే మావయ్య అడిగాడని చెప్పు చాలు.

మీ మావయ్య