పిల్లల కేసు పిల్లలే వింటారా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం, హెచ్1బీ మీద. పదహారేళ్ల మా అబ్బాయి మాల్‌లో ఇయర్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికిపోయాడు, పోలీసులు టికెట్ (కోర్టుకి రమ్మనే నోటీసు) రాశారు. తోటి పిల్లలే శిక్ష తేల్చే టీన్ కోర్టుకి వెళ్తే కేసు కొట్టేస్తారట. తోటి పిల్లల ముందు నిలబెట్టడం పరువు తక్కువ, ఫైన్ కట్టేసి వదిలించుకుందాం అంటున్నారు మావారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: ముందు మీవారికి ఒక మాట. టెక్సస్‌లో పదిహేడు నిండని పిల్లాడి టికెట్‌కి ఫైన్ కట్టేసి ఊరుకోవడం కుదరదు, అమ్మో నాన్నో వెంట ఉండి జడ్జి ముందుకి తీసుకెళ్లాల్సిందే. కాబట్టి నిలబడటం ఎలాగూ తప్పదు. వంద డాలర్ల లోపు దొంగతనమైతే ఫైన్ ఐదొందల దాకా వేయొచ్చు, రికార్డు అదనం.

టీన్ కోర్టులో తీశాడా లేదా అన్న వాదన ఉండదు, ఎందుకంటే అక్కడికి పంపేముందే అసలు జడ్జి దగ్గర తప్పు ఒప్పుకోవాలి, లేదా కాదనను అనాలి. ఇక మిగిలేది శిక్షే. లాయర్లు, జ్యూరీ అంతా హైస్కూలు పిల్లలు, జడ్జి సీటులో మాత్రం మామూలుగా పెద్దవాళ్లుంటారు. 1983లో మీ టెక్సస్‌లోనే, ఒడెస్సాలో పెట్టిన టీన్ కోర్టును చూసి దేశమంతా మొదలుపెట్టారు. జేబులో డబ్బులున్నాయా, పక్కన ఎవరున్నారు, ఇంట్లో ముందు ఎవరికి చెప్పావు... ఇలాంటివి అడుగుతారు, మనకి చెప్పే కథలు ఆ వయసు వాళ్ల దగ్గర చెల్లవు. శిక్షంటే కమ్యూనిటీ సర్వీసు, క్షమాపణ ఉత్తరం, తర్వాత తనూ వేరేవాళ్ల కేసులో జ్యూరీలో కూర్చోవడం. నాకు బాగా నచ్చేది ఈ చివరిదే.

దీంతో పిల్లలు మారిపోతారని గ్యారంటీ ఇవ్వను. 2002లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ నాలుగు రాష్ట్రాల్లో చూస్తే, ఆరు నెలల్లో మళ్లీ కేసులో ఇరుక్కున్నవాళ్లు అలాస్కా టీన్ కోర్టులో 6 శాతం, మామూలు పద్ధతిలో 23 శాతం. మేరీల్యాండ్‌లో మాత్రం తిరగబడింది, టీన్ కోర్టులో 8 శాతం, మామూలు పద్ధతిలో 4. అయినా మీవాడి కేసుకి నేను దీనికే ఓటేస్తాను.

అసలు టెన్షన్ పడాల్సింది వీసా సంగతికి. దొంగతనాన్ని ఇమిగ్రేషన్‌ వాళ్లు తేలిగ్గా తీసుకోరు, టీన్ కోర్టుకి వెళ్లాలంటేనేమో ముందు అసలు జడ్జి దగ్గర తప్పు ఒప్పుకోవాలి, లేదా కాదనను అనాలి. అందుకని జడ్జి ముందు నోరు విప్పకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, వాట్సాప్ గ్రూపు సలహాలు దీనికి పనికిరావు. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు, కొట్టేసిన కేసే కదా అని మీ అంతట మీరే 'నో' పెట్టేయకండి.

లాయర్ సరేనంటే కోర్టు క్లర్క్‌ని అడగండి, అన్ని ఊళ్లలో టీన్ కోర్టు లేదు, ఉన్నా పంపాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. వాడి జవాబులు వాణ్నే చెప్పనివ్వండి, వెనకనుంచి అందించొద్దు. హియరింగ్ అయ్యాక 90 రోజుల్లోపు శిక్ష పూర్తి చేస్తేనే కేసు కొట్టేస్తారు, కాబట్టి ఆ మూడు నెలలూ ఇండియా టికెట్లు బుక్ చేయకండి.