కాటా దగ్గర కావలి

ప్రశ్న: అయ్యగారూ, పలాసలో జీడిపిక్కలు కొనేచోట కాటా చూస్తాను. తేమ సాకుతో తరుగు ఎక్కువ రాయడం అలవాటైపోయింది. ఆదివారం ప్రార్థనలో ఏడుస్తాను, సోమవారం మళ్లీ అదే పని. ఎలా బయటపడాలి?
– ఒక సోదరుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ కన్నీళ్లు నిజమైనవే. అయితే కావలి కాయాల్సింది కాటా దగ్గర. బైబిల్లో 141వ కీర్తనలో దావీదు తన నోటికి కావలి పెట్టమని అడిగాడు. మొదటి బస్తా ఎక్కించకముందే నీ చేతికీ కావలి పెట్టమని అడుగు. తరుగు ఎంతో రైతుకి వినబడేలా చెప్పి, అతని కళ్లముందే రాయి. చాటుగా రాసేటప్పుడే శోధన బలంగా ఉంటుంది. మందస కొండల నుంచి పిక్కలు తెచ్చే సవర గిరిజన అక్కకి 80 కిలోల బస్తాలో 2 కిలోలు పోతే, అది ఆ ఇంటి బియ్యం డబ్బే కదా!

షావుకారు ఒత్తిడి చేస్తే, "ఉన్న తేమకే రాస్తానండి" అని మర్యాదగా చెప్పు. పని పోతుందన్న భయం చిన్నదేమీ కాదు. సంఘపెద్దల్లో ఒకరికి ఇప్పుడే చెప్పుకో, ఒంటరిగా మోయకు.

ఇదివరకటి సంగతంటావా, సుంకం వసూలు చేసే జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). నీకు అంత స్తోమత లేకపోవచ్చు. గుర్తున్న రైతులకైనా ఈ సీజన్లోనే తీర్చడం మొదలుపెట్టు.