బగ్ రిపోర్టు రాసే చేత్తోనే రాయి

తమ్ముడూ,

"గౌరవనీయులైన మేడమ్ గారికి" అని మొదలుపెట్టావు. అక్కా అంటే చాలు. వీడియో గేమ్‌ల మీద రాసి పంపిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీ సగంలో ఆపేసి లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. కారణం గాంధీ.

"సివిలైజేషన్" ఆటలో గాంధీ అణుబాంబులు వేయడానికి కారణం ఒక బగ్, అంటే ప్రోగ్రాంలో దొర్లిన తప్పు, అని రాశావు. ఆయన దూకుడు విలువ ఒకటి అట, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి రెండు తీసేసరికి సున్నా కిందకు జారి, ఆ లెక్కలో అతి పెద్ద అంకె అయిన 255 అయిందట. నీకంటే ముందు ఎంతమంది రాశారో ఈ కథ! ఆ ఆట చేసిన సిడ్ మైయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో అలాంటి బగ్ అసలు లేదని తేల్చి చెప్పాడు. నువ్వు ఆటలు ఆడి చూసి తప్పులు పట్టే టెస్టర్‌వి. కళ్ళారా చూశానా, మళ్ళీ చేసి చూపించగలనా అని పొద్దస్తమానం నిన్ను నువ్వు ప్రశ్నించుకునే ఉద్యోగం నీది. కాగితం దగ్గరకు వచ్చేసరికి ఎవరో చెప్పిన బగ్‌ని కనీసం తట్టి చూడకుండా ఎలా రాశావు? నాకు కోపం వచ్చింది అక్కడే.

మూడో పేజీలో అటారీ అనే ఆటల కంపెనీ వాళ్ళు "ఈటీ" ఆట కార్ట్‌రిడ్జిలను న్యూమెక్సికోలో పూడ్చిపెట్టిన వైనం. ఇది నిజమే, 2014లో తవ్వి బయటకు తీశారు కూడా. కానీ ఆ చెత్తకుప్ప దగ్గర మనకేం పని? ఆ ఆటను 1982లో హోవర్డ్ స్కాట్ వార్షా సుమారు అయిదు వారాల్లో రాశాడు. క్రిస్మస్ అమ్మకాలకు అందించాలని గడువు. ఇంటికి వెళ్ళినా పని ఆగకూడదని అక్కడ కూడా ఒక యంత్రం పెట్టించుకున్నాడు. తర్వాతి జీవితంలో ఆయన మానసిక చికిత్సకుడయ్యాడు. విడుదల నెలలో శనివారాలు ఆఫీసులో గడిపే నీకు ఆ అయిదు వారాలు కనబడలేదు, గొయ్యి కనబడింది.

ఇక మొదటి పేజీ సంగతి. ఇప్పుడొక ఫ్యాషన్ నడుస్తోంది. వీడియో గేమ్‌ల మీద వ్యాసం అనగానే వేసవి సెలవులు, మేనమామ తెచ్చిన చైనా ఆటపెట్టె, కాంట్రా, మారియో, టీవీ పాడైపోతుందని నాన్న కేకలు. ఆ కార్ట్‌రిడ్జి అట్ట మీద 9999 ఆటలని ఉండేది, పెట్టి చూస్తే అవే పాతిక ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. ఈ వ్యాసాలూ అంతే. నీ బాల్యం నీకు ముద్దే, కాదనను. కానీ ఆటలంటే నాకెంత ప్రేమో అని రాసే వాక్యాలను నేను ఇక చదవలేను. పని రాయి. ఆటలో నీకు అందంగా కనిపించేది ఏదైనా పట్టుకుని వెనక్కి లాగితే చివర ఎవరో ఒకరి పని తగులుతుంది. 1978 నాటి "స్పేస్ ఇన్వేడర్స్"లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి, ఆడేవాడికి చెమటలు పడతాయి. ఎవరూ కూర్చుని ఆలోచించిన నాటకీయత కాదది. తెర మీద బొమ్మలు తగ్గేసరికి ఆ ప్రాసెసర్‌కు భారం తగ్గి మిగిలినవాటిని త్వరత్వరగా కదిపింది. ఆ ఆట చేసిన నిషికాడో అది గమనించి, బాగుందనిపించి, అలాగే ఉంచేశాడు. ఆ గమనించిన చూపు గురించి ఒక్క పేజీ రాస్తే నీ మారియో జ్ఞాపకాలన్నీ ఉంచేసినా నాకు సమ్మతమే.

నాకు రాయడం నేర్పింది స్మార్ట్‌ఫోన్లకు ముందటి జావా ఫోన్ల కాలం. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, పేరు అనవసరం. ఒకే ఆటను పదుల కొద్దీ ఫోన్లలో ఆడి చూడాలి. ఒక్కో ఫోనుకు తెర కొలత వేరు, మీటలు వేరు. కొన్ని నోకియా ఫోన్లకైతే ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమడాలి, దాటితే ఫోను దాన్ని ఎక్కించుకునేదే కాదు. మాకొక పరీక్ష ఉండేది. ఆట మధ్యలో కాల్ రావాలి, కట్ చేశాక ఆట ఆగినచోటి నుంచే మొదలవ్వాలి. పక్క సీటు అమ్మాయి తన ఫోనులోంచి నాకు కాల్ చేస్తూ ఉండేది. ఒకసారి సరిగ్గా హీరో ఆఖరి ప్రాణం పోతుండగా రింగ్ అయింది. కట్ చేసి చూద్దును కదా, వాడు సున్నా ప్రాణాలతో పరుగెడుతున్నాడు! కత్తితో పొడిచినా, గోతిలో పడినా ఇక చావడు. "కాల్ వస్తే హీరో చావడం లేదు" అని రాసి పంపాను. మర్నాడు పొద్దున్నకల్లా "మళ్ళీ రాలేదు" అన్న ముద్రతో దాన్ని మూసేశారు. మా టీమ్ లీడర్ ఆడి చూడకుండానే మూసేశాడని నాకు ఇప్పటికీ అనుమానం. పట్టుదల వచ్చింది. ఏ ఫోను, ఏ లెవెల్, ఎన్ని ప్రాణాలు, కత్తి తగిలాక హీరో మోకాళ్ళ మీదకు వాలి ఇంకా నేలకు ఒరగకముందు రింగ్ కావాలి, ఎర్ర మీటతో కట్ చేస్తేనే వస్తుంది, అవతలివాళ్ళు పెట్టేస్తే రాదు. అన్నీ వరుసగా రాశాను. ఈసారి ప్రోగ్రామర్ తన బల్ల దగ్గరే దాన్ని తెప్పించుకోగలిగాడు. ఆ తర్వాత దాన్ని మూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మంచి వచనం అంటే నా లెక్కలో ఇదే. ఆఫీసు గడప ఏనాడూ తొక్కని మనిషి చదివినా, నీకు జరిగినది అతని ముందు మళ్ళీ జరగాలి. జరగకపోతే అతనూ "మళ్ళీ రాలేదు" అనేసి పేజీ తిప్పేస్తాడు, తప్పు అతనిది కాదు. "తీవ్రమైన ఒత్తిడికి లోనయ్యాను" అని రాశావు. ఇలా రాసిన బగ్ రిపోర్టును నువ్వే వెనక్కి పంపుతావు కదా.

అలా మళ్ళీ జరిగిన చోటు నీ వ్యాసంలో ఒక్కటుంది. నాలుగో పేజీ అడుగున. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1900 మంది, ఫిబ్రవరిలో సోనీలో సుమారు 900 మంది అంటూ ఉద్యోగాలు పోయినవాళ్ళ లెక్కలు చెప్పుకుంటూ వచ్చి, నడుమ బ్రాకెట్లలో ఒక వాక్యం ఇరికించావు: మీ వరుసలో కూర్చునే అన్న శుక్రవారం వెళ్ళిపోయాడని, సోమవారం లాగిన్ అయ్యేసరికి అతని బగ్‌లన్నీ నీ పేరు మీదకు మారి ఉన్నాయని. బ్రాకెట్లలో! మిగతా నాలుగు పేజీలూ బ్రాకెట్లలో పెట్టి దీన్ని బయటకు తీయాల్సింది. ఎన్ని బగ్‌లు అవి? అతను వివరణ ఎలా రాసేవాడు, పొడుగ్గానా, ముక్తసరిగానా? వీడియో తీసి జతచేసే అలవాటుందా, అందులో వెనక నుంచి అతని దగ్గు వినిపిస్తుందా? సగం రాసి వదిలేసినది ఏది? మూసే బాధ్యత నీదయినా రాసినవాడిగా పేరు అతనిదే ఉంటుంది కదా, ఆ పేరు పక్కన "ఇనాక్టివ్" అని ఎన్నాళ్ళకు పడింది? వాటిలో ఏదైనా తప్పుడు బగ్ అని తేలితే నువ్వేం చేశావు, మూశావా, అలాగే ఉంచావా? ఇవి నాకు తెలియాలి. 1900 అన్న అంకె పేపర్లో దొరుకుతుంది.

పేరంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అటారీ ఆట చేసినవాళ్ళ పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ తన "అడ్వెంచర్"లో ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు రాసి పెట్టాడు. నేల రంగులో కలిసిపోయిన ఒక చుక్కను వెతికి తెస్తేనే ఆ గదిలోకి దారి. అదే అసంతృప్తితో మరికొందరు 1979లో బయటకు వచ్చి యాక్టివిజన్ పెట్టారు, చేసినవాడి పేరు వేశారు. వినడానికి ఎంత బాగుంది! 2022 మే నెలకు వచ్చేసరికి ఆ యాక్టివిజన్ కిందే ఉన్న రేవెన్ సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్లు తమ గోడు వినిపించుకోవడానికి ఓటింగ్ పెట్టుకుని, 19-3 ఓట్లతో యూనియన్ కట్టుకోవాల్సి వచ్చింది. బయటి సంస్థలకు అప్పజెప్పిన పనిలోనైతే టెస్టర్ల పేర్లు తరచూ గల్లంతే. నా బొటనవేళ్ళు కాయలు కాసేలా ఆడిన ఆటలు ఎన్నో, వాటి చివర ఎక్కడా నా పేరు లేదు.

ఇదంతా ఒకసారి ఒక ఆదివారం అనుబంధానికి రాసి పంపాను. సంపాదకుడు పేర్ల గొడవంతా కోసేసి, "ఆడుతూ పాడుతూ లక్షలు" అని శీర్షిక పెట్టి అచ్చేశాడు. ఈ సంపాదకులకు ఆటల గురించి రెండే వ్యాసాలు తెలుసు. పిల్లలు చెడిపోతున్నారు అన్నది ఒకటి, కుర్రాడు కోట్లు గడిస్తున్నాడు అన్నది రెండు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించిన వారం నాకు వచ్చినన్ని ఫోన్లు అంతకుముందు ఎన్నడూ రాలేదు, అందరికీ మొదటి రకమే కావాలి. చుట్టాలు ఇంకో తీరు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు పెళ్ళిళ్ళలో నన్ను పక్కకు పిలిచి "మీ కంపెనీ ఇంకా ఉందామ్మా?" అని అడిగేవారు. వీళ్ళెవరి కోసమూ రాయకు. సంపాదకుడు కోస్తానంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో.

రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాను కదా, ఎలా రాయాలి అన్నావు. ఆ కాగితం తీసి పూర్తిగా చదువు, చాలామంది చదవరు. ఆట పేరు, కథ, తెరచిత్రాలు, క్లయింటు, విడుదల తేదీ, ఇవేవీ రాయకు, విడుదలయ్యాక కూడా జాగ్రత్తే. ఒక గోడ వెంట గంటల తరబడి పాత్రను ఒరుసుకుంటూ నడిపించి, ఎక్కడ గోడలోంచి జారి అవతలి శూన్యంలో పడిపోతుందో చూశావే, అది రాయడానికి ఏ ఆటో చెప్పనక్కర్లేదు. క్యాబ్ ఎన్నింటికి వచ్చిందో, రాత్రి షిఫ్టులో ఏసీ చలికి ఎవరు దుప్పటి తెచ్చుకున్నారో ఏ క్లయింటు సొత్తూ కాదు.

డిజైన్‌లోకి మారిపోవాలా, కృత్రిమ మేధ వచ్చాక టెస్టర్లు ఉంటారా, పెళ్ళిచూపుల్లో ఏ ఉద్యోగమని చెప్పాలి అని ఇంకో మూడు అడిగావు. మూడోది మీ అమ్మగారిని అడుగు.

మొదటి మూడు పేజీలు తీసేసి, ఆ సోమవారం నుంచి మొదలుపెట్టి మళ్ళీ పంపు. పీడీఎఫ్ పంపకు, దిద్దడానికి కుదరడం లేదు. సంక్రాంతి లోపల అందితే సెలవుల్లో చూస్తాను. తర్వాత మాకూ విడుదల ఉంది, మార్చి దాకా మెయిల్ తెరవను.

మీ అక్క