ఒకే మోడల్‌లో సన్న స్పూల్, వెడల్పు స్పూల్ రెండూ ఉంటే సముద్రంలో చేపల వేటకి ఏ రీల్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గేర్లు, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ని బిగువుగా వదిలే బ్రేకు) ఒకటే, స్పూల్ (లైన్ చుట్టుకునే కండె) వెడల్పు ఒక్కటే తేడా ఉన్న రెండు కన్వెన్షనల్ రీళ్ళలో (రాడ్ మీద కూర్చునే రకం) ఒకటే కొనాలి. పడవ మీంచి జిగ్గింగు (లోహపు ఎరని పైకీ కిందికీ ఆడించడం), ఎరతో అడుగు వేట ఎక్కువ, ట్రోలింగు (నడిచే పడవ వెనక ఎర లాగడం) ఎప్పుడైనా. బ్రెయిడ్ లైన్ (సన్నని పోగుల అల్లిక) వాడతానంటే కళ్ళు మూసుకుని సన్నది తీసుకోండి. లావు మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) తప్ప వేరేది వెయ్యనంటే వెడల్పుది. రెండు రకాలూ వాడుతున్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. వెడల్పు రీల్ చూడ్డానికి భారీగా ఉంటుంది కనుక పెద్ద చేపకి అదే సరైనదని చాలామంది అనుకుంటారు. ఇలాంటి జంట మోడళ్ళలో మామూలుగా అలా ఉండదు. అవెట్ కంపెనీ వాళ్ళ ఎంఎక్స్‌జే, ఎంఎక్స్‌ఎల్ పక్కపక్కన పెట్టి చూడండి, రెండోది మొదటిదాన్ని అడ్డంగా సాగదీసినట్టు ఉంటుంది, అంతే. లాగే బలమంతా గేర్లలో, డ్రాగ్ వాషర్లలో ఉంటుంది. వెడల్పు వల్ల అదనంగా వచ్చేది లైన్ పట్టే చోటు.

ఆ చోటు మీకు కావాలా వద్దా అన్నది లైన్ తేలుస్తుంది. ఒక లెక్క వేద్దాం. లైన్ నిండినప్పుడు 60 మి.మీ. వ్యాసం, ఖాళీగా ఉన్నప్పుడు 25 మి.మీ. వ్యాసం ఉండే స్పూల్ అనుకోండి. సన్నదాని వెడల్పు 25 మి.మీ., పెద్దదానిది 40. 50 పౌండ్ల (అంత బరువు దాకా తెగని) మోనో మందం సుమారు 0.7 మి.మీ. అది సన్నదాంట్లో 120 మీటర్లు, పెద్దదాంట్లో 190 మీటర్లు పడుతుంది. 120 మీటర్లతో వెళ్తే, లోతు ఎక్కువున్న చోట సీసం అడుగుకి చేరేసరికే స్పూల్ సగం ఖాళీ. ఆపైన చేప పరిగెత్తడానికి ఏం మిగులుతుంది? అదే 50 పౌండ్ల బ్రెయిడ్ అయితే మందం 0.36 మి.మీ. దగ్గర ఉంటుంది. మందం సగమైతే పట్టే పొడవు దాదాపు నాలుగింతలు. సన్నదాంట్లోనే 450 మీటర్లు, పెద్దదాంట్లో 720. జిగ్గింగుకి, అడుగు వేటకి 450 మీటర్లు పుష్కలం. మోనో ఒక్కటే ఉన్న రోజుల్లో వెడల్పు రీళ్ళు రాజ్యమేలాయంటే దానికి కారణం ఈ లెక్కే. ఆ అవసరం చాలామటుకు బ్రెయిడ్‌తో పోయింది.

చోటు ఎక్కువుంటే నష్టమేంటి అంటారేమో. చేతిలో పట్టుకుని కాసేపు జిగ్ ఆడిస్తే తెలుస్తుంది. కన్వెన్షనల్ రీల్ రాడ్ పైన కూర్చుంటుంది. స్పూల్ వెడల్పయ్యేకొద్దీ హ్యాండిల్ రాడ్ మధ్యగీత నుంచి దూరం జరుగుతుంది. మీరు హ్యాండిల్‌ని కిందికి నొక్కిన ప్రతిసారీ రీల్ ఆ పక్కకి ఒరగాలని చూస్తుంది, దాన్ని ఆపే పని ఎడమ చెయ్యి మణికట్టు మీద పడుతుంది. సన్న రీల్ అయితే అరచేతిలో ఇమిడిపోతుంది, రాడ్‌ని, రీల్‌ని కలిపి ఒకే పట్టుతో పట్టుకోవచ్చు. అరగంట జిగ్గింగు తర్వాత ఈ తేడా మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, భుజమే చెబుతుంది.

కానీ నా దృష్టిలో దీనికంటే పెద్ద విషయం లైన్ సర్దుకోవడం. ఈ రీళ్ళలో చాలావాటికి లెవెల్ వైండ్ (లైన్‌ని దానంతటదే సమంగా పరిచే ఏర్పాటు) ఉండదు. చుట్టేటప్పుడు ఎడమ చెయ్యి రాడ్‌ని రీల్ ముందు పట్టుకుంటుంది, బొటనవేలు లైన్‌ని ఈ అంచు నుంచి ఆ అంచుకి, మళ్ళీ ఈ అంచుకి తోస్తూ ఉండాలి. 25 మి.మీ. స్పూల్ మీద వేలు కొంచెం అటూ ఇటూ కదిపితే చాలు, నిజానికి కదపడం మర్చిపోయినా పెద్ద ప్రమాదం లేదు, లైన్ దానంతటదే సుమారుగా సర్దుకుంటుంది. 40 మి.మీ. మీద వేలు చాచాలి. చేప తల విదిలిస్తూ ఉంటే, పడవ ఊగుతూ ఉంటే, వేలు తనకి సుఖంగా ఉన్న చోటే ఆగిపోతుంది. ఆ చోట లైన్ గుట్ట పడుతుంది.

ఇది ఒకసారి పక్కనే నిలబడి చూశాను. మిత్రుడి వెడల్పు రీల్, మంచి పార చేప, పైకి దాదాపు వచ్చేసింది. లైన్ అంతా ఎడమ అంచున దిబ్బలా పేరుకుని ఫ్రేమ్ అడ్డకడ్డీకి రాసుకోవడం మొదలైంది. హ్యాండిల్ బిగుసుకుపోయింది, ఇంక ఒక్క చుట్టు కూడా తిరగదు. వేలితో గుట్టని కుడిపక్కకి తోశాడు. తోసిన చుట్లు జారి పక్కనున్న వదులు లైన్ మీద కూలాయి. అదే క్షణంలో చేప కిందికి దూకింది, బిగువైన లైన్ ఆ వదులు చుట్ల మధ్యకి దిగబడి ఇరుక్కుంది. డ్రాగ్ వదలడానికి వీల్లేకుండా పోయింది, లీడర్ (లైన్ చివర కట్టే గట్టి దారం) ముడి దగ్గర తెగింది. రీల్ తప్పేమీ లేదు, మోనో వేసుంటే అంత లోతుగా దిగబడేది కూడా కాదేమో. సన్నని బ్రెయిడ్, వెడల్పు స్పూల్ కలిస్తే వచ్చే తంటా ఇది.

మరి వెడల్పుదానికి మేలే లేదా అంటే ఉంది, పెద్ద మేలే. లైన్ బయటికి పోయేకొద్దీ స్పూల్ మీద మిగిలిన చుట్ట వ్యాసం తగ్గుతుంది. డ్రాగ్‌ని మీరు ముట్టుకోకపోయినా చేపకి తగిలే బిగువు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పై లెక్కలోని స్పూళ్ళే తీసుకోండి: నిండా ఉన్నప్పుడు 5 కిలోలకి డ్రాగ్ పెట్టారు, చేప 300 మీటర్ల బ్రెయిడ్ లాక్కుపోయింది. సన్నదాని వ్యాసం 60 నుంచి 40 మి.మీ.కి పడిపోతుంది, బిగువు 7.5 కిలోలు అవుతుంది. వెడల్పుదాని వ్యాసం 48 మి.మీ. పైనే ఉంటుంది, బిగువు 6.2 దగ్గర ఆగుతుంది. తిరిగి చుట్టేటప్పుడూ అంతే. 5:1 గేరు (హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ ఐదు చుట్లు) అయితే నిండు స్పూల్ మీద హ్యాండిల్ ఒక్క చుట్టుకి 94 సెంటీమీటర్ల లైన్ వస్తుంది. ఆ 300 మీటర్లు పోయాక సన్నదాంట్లో 63 సెంటీమీటర్లే, వెడల్పుదాంట్లో 76. పెద్ద ట్యూనా, మార్లిన్ లాంటి వాటి వెంట పడేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. సన్న రీల్‌తో అలాంటి పరుగు తగిలితే డ్రాగ్ లీవర్ కొంచెం వెనక్కి తియ్యాలి. ఆ వేడిలో అది గుర్తుండడం కష్టం.

అందుకే ట్రోలింగు రీళ్ళలో వెడల్పు రకాలు ఇప్పటికీ గట్టిగా నిలబడ్డాయి. షిమానో టియాగ్రా 50, 50డబ్ల్యూ అని రెండు ఉంటాయి, రెండోది వెడల్పుది. ట్రోలింగులో రాడ్ హోల్డర్‌లో ఉంటుంది, చేప పడ్డాక గింబల్‌లో (నడుం బెల్టుకి ఉండే గిన్నె) గుచ్చి నడుముకి ఆనించుకుంటారు, కాబట్టి ఒరగడం గొడవ అంత ఉండదు. పైన కొంత మోనో (టాప్ షాట్ అంటారు), కింద బ్రెయిడ్ వేసేవాళ్ళకి ఆ చోటంతా పనికొస్తుంది. మీరు ఎప్పుడో ఒకసారి చేసే ట్రోలింగు కోసం మాత్రం మిగతా రోజులన్నీ వెడల్పు రీల్ మోయడం దండగ.

విసరడానికి కూడా నాకు సన్నదే నచ్చుతుంది. లైన్ బరువు తక్కువ కాబట్టి స్పూల్ త్వరగా వేగం అందుకుంటుంది, వేలితో ఆపడం తేలిక. లెవెల్ వైండ్ ఉన్న వెడల్పు రీల్ తీసుకుంటే సర్దుడు బాధ తప్పుతుంది కదా అని ఎవరైనా అంటే, నిజమే, అడుగు వేటకి అది హాయి. కాకపోతే ఉప్పునీళ్ళు మొదట పట్టేది లెవెల్ వైండ్‌ని నడిపే ఆ చిన్న గాడుల ఇరుసునే. ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, నూనె చుక్క వేసే ఓపిక మీకుండాలి.

సన్నది కొన్నాక లైన్ ఎక్కించడం దగ్గర అశ్రద్ధ చెయ్యకండి. బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి కడితే లోడు పడ్డప్పుడు చుట్ట మొత్తం స్పూల్ మీద జారి తిరుగుతుంది. కింద కొన్ని చుట్లు మోనో వేసి దానికి బ్రెయిడ్ కట్టండి. తడిగుడ్డతో లైన్‌ని గట్టిగా బిగపట్టి ఎక్కించండి. వదులుగా ఎక్కిస్తే సన్న స్పూల్‌లో కూడా పై చుట్టు లోపలికి దిగబడుతుంది. అంచుకి రెండు మూడు మి.మీ. కిందే ఆపేయండి.