ప్లాస్మిడ్‌లో కోరిన చోట మార్పు చేశాక పాత ప్రతిని ఎలా తొలగిస్తారు?

ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్‌ఏ. కోరిన కొత్త అక్షరం ఉన్న రెండు ప్రైమర్లతో (చిన్న డీఎన్‌ఏ ముక్కలతో), పీసీఆర్‌లో, అంటే గొట్టంలో డీఎన్‌ఏను నకలు తీసే పద్ధతిలో, ప్లాస్మిడ్ మొత్తానికి నకళ్లు తీస్తారు. ఈ విద్యకు పునాది వేసిన మైఖేల్ స్మిత్‌కు 1993లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

అసలు చిక్కు తర్వాతే: గొట్టంలో పాత ప్లాస్మిడ్ మిగిలే ఉంటుంది. దానికి అందమైన ఉపాయం డీపీఎన్-1 ఎంజైమ్. మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెరిగిన ప్లాస్మిడ్‌లో జీఏటీసీ అనే డీఎన్‌ఏ అక్షరాల వరుసలోని అడినీన్ (ఏ)పై మిథైల్ గుర్తు ఉంటుంది. పీసీఆర్‌లో పుట్టిన నకళ్లకు ఉండదు. ఎంజైమ్ ఆ గుర్తు ఉన్నవాటినే ముక్కలు చేస్తుంది. కాబట్టి ఆ మిథైల్ గుర్తు పెట్టే డ్యామ్ ఎంజైమ్ లేని బ్యాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్‌తో మొదలుపెడితే ఈ ఉపాయం పారదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మిగిలిన నకళ్లను బ్యాక్టీరియాలోకి ఎక్కించి, కాలనీల నుంచి ప్లాస్మిడ్ తీసి సీక్వెన్సింగ్ చేయించండి. మార్చిన చోటు ఒక్కటే కాదు, జన్యువు మొత్తం చదివించండి. పీసీఆర్‌లో నకళ్లు తీసే ఎంజైమ్ పాలిమరేజ్ వేరే చోట కూడా తప్పు చేసి ఉండవచ్చు.