పని ఆగిన రోజే ఫోన్ ఎత్తాలి

అల్లుడూ,

నువ్వు సొంతంగా ముఠా కట్టుకుని స్లాబు పనులు పట్టావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పని ఎలా చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు. పని ఆగిపోతే మనుషుల్ని ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పాలనిపించింది.

2019లో ఇసుక దొరక్క మన విజయవాడలో పనులు ఎలా ఆగాయో నీకు గుర్తుందిగా. పొద్దున్నే అడ్డా మీదకు వచ్చి, క్యారేజీ మూత తియ్యకుండానే పదకొండింటికి ఇంటిదారి పట్టేవాళ్లు. అప్పుడు నా కింద పన్నెండు మంది. నాకు రావాల్సిన బిల్లు రాలేదు. వాళ్లకేం చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ స్విచాఫ్ చేశాను. మూడో రోజు మా తాపీ మేస్త్రీ ఇంటికొచ్చాడు. డబ్బులు అడగలేదు. "పని లేదని ఒక్క మాట చెబితే వేరే ఊరు చూసుకునేవాణ్ని కదా" అన్నాడు. ఆ రెండు రోజులూ నా ఫోన్ కోసమే కూర్చున్నాడట.

చెడు కబురైనా అదే రోజు చెప్పు. ఎవరికెంత బాకీ ఉన్నావో పుస్తకం తెరిచి చూపించు. చేతిలో ఉన్నది కొంచెమే అయితే, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లకు ముందివ్వు. ఎందుకో చెబితే మిగతావాళ్లు కాదనరు. తెలిసిన మేస్త్రీలకు నువ్వే ఫోన్ చేసి, ఎక్కడైనా పనుంటే పంపించు.

లేబర్ కార్డు సంగతి పనులు నడుస్తున్నప్పుడే చూడాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు ఏడాదిలో 90 రోజులు పని చేసుంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదై ఆ కార్డు తీసుకోవచ్చు. 1996లో చట్టం వచ్చాక, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వీళ్ల కోసమే వసూలు చేస్తున్నారు. అది వాళ్ల హక్కు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ నిధి నుంచే కూలీలకు సాయం చెయ్యమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మా ముఠాలో సగం మందికి కార్డే లేదు. హాజరు రోజూ రాయి, 90 రోజుల లెక్కకు అదే ఆధారం. తట్టలు మోసే ఆడవాళ్ల పేర్లు మొగుళ్ల పేర్ల కింద కలిపెయ్యకు. వాళ్ల కూలి వాళ్ల చేతికే ఇవ్వు.

ఇంకో మాట. ఎవరైనా మాట్లాడటం తగ్గించినా, ఉన్నట్టుండి రావడం మానేసినా ఇంటికెళ్లి పలకరించు. ఆ ఇసుక కరువులో ప్రాణాలు తీసుకున్న కూలీల వార్తలు పేపర్లో చదివి నాకు నిద్ర పట్టేది కాదు. మనసు బాగోనివాళ్లు మాట్లాడుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అని ఒక ఫోన్ నంబరుంది, 14416. డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు సైట్ దగ్గర సిమెంటు గోడౌను తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించు.

ఆదివారం వస్తాను. హాజరు పుస్తకం తీసి ఉంచు, ఎవరెవరికి కార్డు లేదో కూర్చుని చూద్దాం.

నీ మామయ్య